నక్కకన్యకు ఒక నియమం

ప్రశ్న: కొరియా జానపద కథల్లోని తొమ్మిది తోకల నక్క గుమిహో విజయవాడకు వచ్చి, ఒక కుర్రవాణ్ణి ప్రేమించినట్లుగా నవల రాస్తున్నాను. ఆమె ఇంద్రకీలాద్రి మీద ఒక గుహలో తలదాచుకుంటుంది, ఏ మాయ అయినా చేయగలదు. చదివిన స్నేహితురాళ్లు మాయలు బాగున్నాయి గాని ప్రేమ మనసుకు పట్టడం లేదన్నారు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఏ మాయ అయినా చేయగలదని మీరే రాశారు; లోపం అక్కడే ఉంది. అన్నీ చేతనైన నాయికకు పోగొట్టుకునేదంటూ ఏమీ ఉండదు కనుక, ఆమె ప్రేమించినా మానినా పాఠకుడికి ఒకటే. కొరియా కథల్లో అద్భుతం కంటే నియమం ముందు నడుస్తుంది. 13వ శతాబ్దంలో ఇర్యోన్ అనే బౌద్ధ భిక్షువు కూర్చిన ‘సంగుక్ యూసా’లో, మనుషులం కావాలని వేడుకున్న ఎలుగుబంటికీ పులికీ దేవపుత్రుడు హ్వానుంగ్ కాస్త మాచిపత్రి, 20 వెల్లుల్లి ఇచ్చి, 100 రోజులు సూర్యకాంతి చూడవద్దంటాడు. పులి ఓర్వలేక బయటపడుతుంది, ఎలుగుబంటి ఓర్చుకుని స్త్రీ అవుతుంది. ఆమె కొడుకు దంగున్‌నే కొరియన్లు తమ తొలి రాజ్యానికి మూలపురుషుడిగా చెప్పుకుంటారు.

నక్క కథల్లో మీకు అన్నిటికంటే పనికొచ్చేది నక్కపూస కథ. పల్లెబడికి వెళ్లే ఒక విద్యార్థికి దారిలో ఒక అందగత్తె ఎదురై ముద్దు పెట్టుకుంటుంది. ఆ ముద్దులో ఒక పూస ఆమె నోటి నుంచి అతని నోటికీ, మళ్లీ వెనక్కీ జారుతుంది. కుర్రవాడు నానాటికీ చిక్కిపోతుంటే గురువు సంగతి గ్రహించి, ఈసారి పూసను మింగేసి ముందు ఆకాశాన్నీ తర్వాత నేలనూ చూడమంటాడు. మింగిన తొట్రుపాటులో అతను నేలనే చూస్తాడు, అందుకని భూమి మీది సంగతులే అతనికి తెలుస్తాయి, ఆకాశ రహస్యాలు దక్కవు. ముద్దు, మరణం, విద్య మూడూ ఒక్క పూసలో ఇమిడిన ఈ ఘట్టాన్ని అమ్మాయి వైపు నుంచి రాసి చూడండి: పూస ఇస్తే తన ఆయువు పోతుంది, ఇవ్వకపోతే అతనిది పోతుంది.

ఇంద్రకీలాద్రిని మాత్రం వదిలేయండి. అర్జునుడి తపస్సు, కనకదుర్గమ్మ కథ ఉన్న కొండ మీద మీ నక్క ఎంత వెతికినా చోటు దొరకదు, దొరికినా అతిథిగానే మిగులుతుంది. ఆమెను పటమటలో ఒక అద్దె గదిలో పెట్టండి. పాత కథల్లో గుమిహోకు మనిషి కాలేయం మీద ఆశ. ఆదివారం పొద్దున మాంసం కొట్టు ముందు వరుసలో నిలబడి, తన వంతు రాగానే మాంసం వద్దు, కార్జం ఒక్కటే ఎంతుంటే అంత ఇమ్మనే కొత్త పిల్లను చూసి కొట్టువాడు తలెత్తితే, మాయ లేకుండానే భయం పుడుతుంది. నాయకుడు నక్కతోక తొక్కాడన్న హాస్యం ఒక్కసారికి మించి వాడకండి.

ప్రశ్న: దేవకన్య రెక్కల వస్త్రాన్ని దాచి కట్టెలు కొట్టేవాడు ఆమెను పెళ్లాడే కొరియా కథను ప్రేమకథగా తిరగరాయవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రాయవచ్చు గాని, దాచినవాణ్ణి నాయకుడిగా నిలబెట్టడం కష్టం. మన ఊర్వశి పురూరవుడికీ, గంగ శంతనుడికీ తామే షరతు పెట్టి కాపురానికి వచ్చారు, అది తప్పినప్పుడు వెళ్లిపోయారు. ఈ కథలో షరతు పెట్టింది ఒక జింక, అదీ అతనికి: పిల్లలు ఇంతమంది పుట్టేదాకా వస్త్రం ఇవ్వవద్దని. ఆమెను అడిగినవారు లేరు. వస్త్రం చేతికి రాగానే బిడ్డలను ఎత్తుకుని ఆమె ఎగిరిపోవడం న్యాయంగానే తోస్తుంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి: అతను ఆకాశానికి వెళ్లి, ఈసారి ఏమీ దాచకుండా, ఆమె పెట్టే షరతు వినాలి.