బెంగళూరు అద్దింట్లో పైపు కొయ్యాలంటే ఏం కొనాలి?

"అక్కా, సింకు కింద పైపు పగిలింది, ప్లంబరు ఆదివారం దాకా రానంటున్నాడు, నేనే మార్చుకోవచ్చా, దేంతో కొయ్యాలి?" ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను చాలాసార్లు అడిగిన ప్రశ్న ఇది. మార్చుకోవచ్చు, తప్పకుండా మార్చుకోవచ్చు. మాది మదనపల్లె. బెంగళూరు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది, కె.ఆర్.పురం చుట్టుపక్కలే నాలుగు అద్దిళ్ళు మారాను, ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక పైపు నా చేతిమీదుగానే మారింది. అతికించడం అంత కష్టమేమీ కాదు, పైపులు అతికించే సొల్యూషన్ డబ్బా మీదే అంతా రాసి ఉంటుంది. పని చెడేది కొయ్యడం దగ్గరే.

మొదటి ఇంట్లో నేను వంటింటి కత్తి స్టవ్ మీద ఎర్రగా కాల్చి కోశాను. అంచు కరిగి, వాలుగా తెగింది. మలుపు దగ్గర పైపుల్ని కలిపే ఎల్బోలో పెడితే ఒక పక్క అడుక్కి తగిలింది, రెండో పక్క అరంగుళం ఖాళీ. అతుక్కున్నట్టే కనిపించింది, రాత్రికి ఊడింది, తెల్లారేసరికి కింద ఇంటివాళ్ళ సీలింగు తడిసిపోయింది. ఆ ఖర్చు నా అడ్వాన్సులోంచే పోయింది. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ ఇంట్లో పసిబిడ్డ ఉంది, తడి గోడల మధ్య వాళ్ళు పడ్డ ఇబ్బంది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సొల్యూషన్ జిగురు లాంటిది కాదు. పైపు పైపొరనూ, ఎల్బో లాంటి కలిపే ముక్క, అంటే ఫిట్టింగు, లోపలి పొరనూ మెత్తబరిచి రెంటినీ ఒకటి చేస్తుంది. ఫిట్టింగు లోపల అడుక్కి వెళ్ళేకొద్దీ కాస్త సన్నబడుతుంది కాబట్టి, బిగువైన పట్టు ఆ అడుగునే దొరుకుతుంది. వాలుగా కోస్తే ఆ పట్టు ఒక పక్క దక్కదు.

ఇక సామాను. ఇంటి లోపల అర అంగుళం నుంచి ఒక అంగుళం దాకా ఉండే పైపులకు, కత్తెరలా ఉండి పిడి నొక్కినకొద్దీ టక్ టక్ మని ఒక్కో పన్ను ముందుకు జరిగే పైపు కటర్ కొనండి. 42 మిల్లీమీటర్ల దాకా పట్టేది చాలు. కొన్ని వందల్లో వస్తుంది. ఎస్.పి. రోడ్డు దాకా వెళ్తే రకాలు ఎక్కువ చూడొచ్చు గానీ, మీ వీధి హార్డ్‌వేర్ కొట్లోనూ దొరుకుతుంది. కొనేముందు బ్లేడు పైపుకు నిలువుగా దిగుతోందా, పిడి దగ్గర పక్కకు ఊగుతోందా అని చూడండి. ఊగితే ఎంత చవకైనా వద్దు. విడిగా బ్లేడు దొరికే రకమైతే ఇంకా మంచిది, ఎందుకంటే మొండి బ్లేడు పైపును కొయ్యదు, నలిపేస్తుంది. కోసేటప్పుడు ఒక్క ఊపున నొక్కకుండా, బ్లేడు కాస్త దిగాక పైపును కొంచెం కొంచెం తిప్పుతూ నొక్కండి, కోత తిన్నగా వస్తుంది.

కానీ పాత సీపీవీసీ పైపు మీద, అంటే వేడినీళ్ళకు వాడే ఆ లేత పసుపు పైపు ఏళ్ళ తరబడి వాడి పెళుసెక్కి ఉంటే, ఈ కటర్ పెట్టకండి. నొక్కగానే వెంట్రుకంత బీట పడుతుంది, కంటికి ఆనదు, నీళ్ళు వదిలాక తెలుస్తుంది. డిసెంబరు, జనవరి పొద్దుటి చలిలో కొత్త పైపైనా కాసేపు ఎండలో పెట్టి కొయ్యడం మేలు. బీట కనిపిస్తే అది ఆగినచోటు దాటి, బాగున్న పైపు వైపు ఇంకో రెండంగుళాలు జరిగి మళ్ళీ కొయ్యండి.

పాత పైపుకు హాక్సానే, అంటే ఇనుము కోసే చేతి రంపాన్నే, నమ్ముకోవాలి. అంగుళానికి 24 పళ్ళున్న బ్లేడు అడగండి, 18 పళ్ళది పల్చటి పైపును పీకుతుంది. పళ్ళు ముందుకు చూసేలా బిగించి, రెక్కల నట్టు గట్టిగా తిప్పండి. బ్లేడు వదులుగా ఉంటే ఎంత పనిమంతుడికైనా కోత పక్కకు పోతుంది. తిన్నగా రావడానికి నేను చేసేదేమిటంటే, ఒక కాగితం పట్టీ పైపు చుట్టూ తిప్పి రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాక పెన్సిలుతో గీత గీస్తాను. తర్వాత గీత వెంబడి చుట్టూ లోతు లేని గాడి పెట్టి, పైపును తిప్పుకుంటూ కోస్తాను. బూడిదరంగు డ్రైనేజీ పైపులు, 75, 110 మిల్లీమీటర్లవి, ఇలాగే కొయ్యాలి, అంత లావు పైపు చిన్న కటర్ నోట్లో పట్టదు. కరెంటుతో తిరిగే కటింగ్ గ్రైండర్ మాత్రం వద్దు, వేడికి అంచు కరుగుతుంది, చేతికీ ప్రమాదం. గోడ వారన ఫ్రేమ్ దూరని చోట బ్లేడు ఒక్కటే తీసి, పట్టుకునే కొసకు గుడ్డ చుట్టి కొయ్యండి, లేదా మేస్త్రీలు వాడే నైలాన్ దారం పైపు వెనక నుంచి చుట్టి రెండు చేతులతో అటూ ఇటూ లాగితే ఆ రాపిడికే తెగుతుంది.

కోశాక పొట్టు మిగులుతుంది. లోపలి అంచును కత్తి మొనతో, బయటి అంచును ఆకురాయితో కొంచెం ఏటవాలుగా తీసెయ్యండి, లేకపోతే ఆ ముళ్ళు సొల్యూషన్‌ను గీకేస్తాయి, పొట్టు పోయి కుళాయిలో ఇరుక్కుంటుంది.

కొట్టుకు వెళ్ళేటప్పుడు పాత పైపు ముక్క ఒకటి చేతిలో పెట్టుకెళ్ళండి. ముప్పావు అంగుళం సీపీవీసీ బయటి కొలత 22.2 మిల్లీమీటర్లు, అదే ముప్పావు తెల్ల యూపీవీసీ, అంటే చన్నీళ్ళ పైపు, 26.7, రెంటి పేరూ ఒకటే గానీ ఒకదాని ఫిట్టింగు రెండోదానికి పట్టదు. మన ముప్పావును ఇక్కడ కన్నడలో ముక్కాలు అంటారు, "ముక్కాలు ఇంచు" అనండి, వెంటనే ఇస్తారు. ఇంటికొచ్చి నీళ్ళు ఆపే గేట్ వాల్వు కట్టేసి, గీజరు స్విచ్ ఆపి, కుళాయి తెరిచి పైపులో నీళ్ళన్నీ పోనిచ్చాక, ముందు అదే పాత ముక్క మీద ఒకటి రెండు కోతలు వేసి చూసుకోండి. కోసిన అంచును నేల మీద నిలబెడితే ఒరగకుండా నిలిచిందంటే, అసలు పైపు మీద బ్లేడు పెట్టొచ్చు.