ఐరన్ మాత్రలు పనిచెయ్యలేదు, ఇమ్యునాలజీ చదవనా బీఎడ్ చెయ్యనా?

నల్గొండ నుంచి బీఎస్సీ బయోటెక్ సెకండియర్ అమ్మాయి అడిగింది. నానమ్మకి రుమటాయిడ్ కీళ్లవాతం, నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ పెరగట్లేదు, ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో వాపు, మంట తగ్గితేనే రక్తం పెరుగుతుందని డాక్టర్ గారు అన్నారట, అప్పట్నించి తనకి ఇమ్యునాలజీ, అంటే ఒంటి రోగనిరోధక వ్యవస్థ గురించిన సైన్స్, చదవాలనుంది, నాన్నేమో బీఎడ్ చెయ్యమంటున్నారు.

చూడమ్మా, డాక్టర్ గారు చెప్పింది కరెక్టే. రోగాలతో పోరాడే ఇమ్యూన్ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రోటీన్లే సైటోకైన్లు, ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు వాటిల్లో ఇంటర్‌ల్యూకిన్-6 అనేది పెరుగుతుంది, అది ఎక్కువైతే లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్ వదుల్తుంది, అది పేగుల్లోంచి ఐరన్ రక్తంలోకి రానివ్వదు, నిల్వ ఉన్నదాన్నీ కదలనివ్వదు. గాదెలో వడ్లున్నాయి గానీ తాళం పడింది, మనం బయట నుంచి ఇంకా బస్తాలు దింపుతున్నాం, అంతే. ఈ సైటోకైన్లలోనే జీ-సీఎస్ఎఫ్ అని ఇంకోటుంది, అది ఎముక మజ్జలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల్ని పెంచుతుంది, కీమో తీసుకునేవాళ్లకి తెల్లకణాలు పడిపోతే ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ అదే, మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ కూడా తయారుచేస్తుంది. అంటే నువ్వు అడిగిన సబ్జెక్ట్‌కి ల్యాబూ ఉంది, ఫ్యాక్టరీ కూడా ఉంది.

దారి మాత్రం పొడుగు, దాచను. ఐఐటీ జామ్ బయోటెక్నాలజీ లేదా గాట్-బి అనే ఎంట్రన్స్ రాసి మంచి చోట ఎంఎస్సీ, తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష, అందులో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 రూపాయలు, ఆపైన పీహెచ్‌డీ ఐదారేళ్లు. ఇమ్యునాలజీకైతే ఢిల్లీ ఎన్ఐఐ, పుణె ఎన్‌సీసీఎస్ అనే రీసెర్చ్ సంస్థల పేర్లు గుర్తుపెట్టుకో, ఇంటి దగ్గర్లో హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. ఎంఎస్సీతో ఆగిపోయి ఏదైనా కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో చేరితే మొదట్లో జీతం చిన్నదే, నాన్న భయం అక్కడే, అందులో తప్పేం లేదు.

అందుకే ఇప్పుడే తేల్చెయ్యకు. సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కి అప్లై చెయ్యి, రెండు నెలలు ల్యాబ్‌లో ఉండి, చేసిన ప్రయోగమే పదిసార్లు చేసినా నీకు విసుగు రాకపోతే అప్పుడు చూద్దాం. బీఎడ్ ఎక్కడికీ పోదు, ఎంఎస్సీ తర్వాత కూడా ఎడ్‌సెట్ రాయొచ్చు.

ఈలోగా నానమ్మ రిపోర్టులో ఫెరిటిన్ (ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), సీఆర్పీ (ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పేది) ఎంతున్నాయో చూడు. మామూలు ఐరన్ లోపంలో ఫెరిటిన్ పడిపోతుంది, ఇన్‌ఫ్లమేషన్ వల్ల వచ్చే రక్తహీనతలో మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది, రెండూ కలిసున్నవాళ్లూ ఉంటారు. ఆ నంబర్లు పట్టుకుని నాన్నకి ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెప్పు. మాత్రలు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఆపొద్దు.