నార్డిక్ క్రైమ్ నవలల్లో వలసల గొడవ ఎందుకంత కనిపిస్తుంది?

స్వీడన్, ఐస్‌లాండ్ లాంటి ప్రశాంతమైన దేశాల డిటెక్టివ్ కథల్లో శరణార్థులు, జాతి ద్వేషం ఎందుకంతగా వస్తాయని అడిగారు. ఆ ప్రశాంతత మీదే అక్కడి రచయితలకు అనుమానం. 1965-75 మధ్య పది నవలలు రాసిన మాయ్ షోవాల్, పేర్ వాలో జంట నేరం మిషతో సంక్షేమ రాజ్యాన్ని తూర్పారబట్టింది. తర్వాతివాళ్లకు దారి పడింది అక్కడే.

వలసల విషయానికొస్తే ముందు చదవాల్సింది హెన్నింగ్ మాంకెల్ 1991 నవల, ఇంగ్లీషులో 'ఫేస్‌లెస్ కిల్లర్స్'. ఆఫ్రికాలో చాలాకాలం గడిపిన మాంకెల్, సొంతదేశం స్వీడన్‌లో పెరిగిన విదేశీ ద్వేషం చూసి ఇది రాశాడు. దక్షిణ స్వీడన్ పల్లెలో వృద్ధ రైతు దంపతుల మీద ఘోరమైన దాడి. ముసలామె చనిపోతూ అన్న మాట 'విదేశీ'. అది పత్రికలకు పొక్కుతుంది. ఇక హంతకులను పట్టుకోవడం ఒక ఎత్తు, శరణార్థి శిబిరాలను కాపాడటం మరో ఎత్తు. ఏ పాపం ఎరగని సోమాలియా మనిషి తూటాకు బలవుతాడు.

ఇదంతా గాల్లోంచి పుట్టింది కాదు. కథ నడిచే ఈస్టాడ్‌కు దగ్గర్లోని షోబోలో 1988లో శరణార్థులను తీసుకోవాలా అని ఓటింగ్ పెడితే జనం వద్దన్నారు.

నాకు నచ్చిందేమిటంటే, మాంకెల్ నీతులు చెప్పడు. ఈ కేసు తేల్చే పోలీసు వాలండర్ కూడా తన కూతురి పక్కన కెన్యా కుర్రాణ్ణి చూసి తడబడతాడు. హంతకులెవరో చెప్పను గానీ, ముగింపు ఏ పక్షానికీ మింగుడుపడదు.

ఐస్‌లాండ్ కథ కావాలంటే ఆర్నల్దుర్ ఇంద్రిదాసన్ 'ఆర్కిటిక్ చిల్' చూడండి. థాయ్ తల్లికి పుట్టిన పిల్లవాడి హత్యతో మొదలవుతుంది.