కాకతీయుల కాలంలో మామూలు జనం ఎలా బతికారో తెలియాలంటే చెరువు కట్ట ఎక్కాలి

"శాసనాల నిండా రాజుల గొప్పలే ఉంటాయి. ఏడెనిమిది వందల ఏళ్ల కింద మన పల్లెల్లో మామూలు జనం ఎలా బతికారో తెలుసుకునే దారి ఏమైనా ఉందా?" అని అడిగారు.

ఉంది. కోటల్లో కాకుండా చెరువు కట్టల మీద వెతకాలి. మాది ములుగు వైపు, పాత చెరువు కింది ఊరు. మా తాత ఆ చెరువుకు నీరటికాడు, అంటే పొలాలకు నీళ్లు వదిలే మనిషి. కాలేజీ రోజుల్లో నాకు శాసనాలు చదివే పిచ్చి పట్టింది. అప్పటినుంచి చూస్తున్నాను, ఆయన రోజూ చేసిన పనికి, ఆయన తీసుకున్న ధాన్యానికి మూలాలు ఆ రాళ్ల మీదే దొరుకుతున్నాయి.

మీరన్నట్టు శాసనం పై సగమంతా బిరుదులు, వంశ వర్ణన. చాలామంది అక్కడే ఆగిపోతారు. కిందికి దిగితే అసలు సంగతులు మొదలవుతాయి. ఏ చెరువు వెనుక, ఏ కాలువ కింద, ఎన్ని మర్తురుల (అప్పటి భూమి కొలత) భూమి ఎవరికిచ్చారు, దానికి తూర్పున ఏముంది, పడమర ఏముంది అని వరుసగా రాస్తారు. ఆ హద్దుల్లో పుట్ట వస్తుంది, చింతచెట్టు వస్తుంది, పక్క ఊరికి పోయే బాట వస్తుంది. రాజు పేరు తీసేసి చదివితే అది ఊరి పటం.

1163 నాటి హనుమకొండ శాసనంలో కాకతీయ రుద్రదేవుడు స్వతంత్ర రాజుగా కనిపిస్తాడు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి చిక్కింది. ఈ నడుమ తెలంగాణ మెట్ట నేలలో ఊళ్లు పెరిగాయంటే చెరువుల వల్లే. నాలుగు నెలల వానను ఏడాదంతా వాడుకోవాలంటే ఇక్కడ వేరే మార్గం లేదు. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిని చూడ్డానికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా వస్తున్నారు. గుడి చూసి వెనుదిరుగుతారు. దగ్గర్లోనే రామప్ప చెరువు ఉంది, ఇప్పటికీ దాని కింద వరి పండుతోంది. దేవుడికి దీపం, నైవేద్యం ఆగకుండా నడవాలంటే పండే భూమి కావాలి, భూమి పండాలంటే చెరువు కావాలి. అందుకే గుడి, చెరువు జంటగా కనిపిస్తాయి. పాఖాల చెరువును జగదాల ముమ్మడి అనే అధికారి కట్టించాడు. బయ్యారం చెరువును గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల వంశావళిలో మనకు తెలిసిన చాలా సంగతులు ఆ చెరువు రాయి చెప్పినవే. కొడుకును కనడం, గుడి కట్టడం, కావ్యం రాయించడం లాంటి ఏడు సంతానాల్లో, అంటే పేరు నిలబెట్టే పుణ్యకార్యాల్లో, చెరువు తవ్వించడం ఒకటని అప్పటివాళ్లు నమ్మారు.

కానీ పుణ్యం కోసమే అయితే చెరువులు ఇన్ని వందల ఏళ్లు నిలిచేవి కావు. దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు తవ్వించినవాళ్లకో, తెగిన కట్టను బాగు చేయించినవాళ్లకో ఆ నీటితో పారే భూమిలో పదో పాలు మాన్యంగా, అంటే పన్ను లేని భూమిగా దక్కేది. చెరువు నిండితేనే ఆ మాన్యం పండేది. చెరువును కాపాడటం వాళ్ల సొంత లాభంతో ముడిపడింది. నాకు ఆ కాలపు తెలివి అంతా ఇక్కడే కనిపిస్తుంది.

దాని కింది మెట్టులో ఆయగాళ్లు, అంటే ఊరి పనులు చేసి పంటలో వాటా తీసుకునేవాళ్లు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, తలారి, వీళ్లతో పాటు నీళ్లు వదిలే మనిషి. మా తాతకు జీతం లేదు. పంట నూర్చాక ధాన్యం ఇంటికి పోకముందే కళ్లం దగ్గరే ప్రతి రైతూ ఆయన మేర, అంటే ఆయన వాటా ధాన్యం, కొలిచి ఇచ్చేవాడు. ఎవరి మడి ఎండినా ఆయన మేర తగ్గేది. అందుకని చివరి మడి దాకా నీళ్లు పోయాయో లేదో చూడ్డానికి రాత్రిపూట కూడా లాంతరు పట్టుకుని కాలువ వెంట నడిచేవాడు.

చెరువు నీళ్లు కాలువలోకి వదిలే తూము తెరవడం దగ్గరగా చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ కాబట్టి చెబుతాను. కట్టకు లోపలివైపు నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటి మీద అడ్డంగా రంధ్రమున్న రాతి పలక. ఆ రంధ్రం గుండా ఒక పొడవాటి కర్ర కిందికి దిగుతుంది. కర్ర చివర ఉన్న మొద్దు అడుగున తూము నోటిని మూస్తుంది. తాత నీళ్లలోకి ఈదుకుంటూ వెళ్లి, పలక మీద కాలు మోపి, కర్రను జానెడు లేపి మేకు దోపేవాడు. ఎంత లేపాలో ఆయనకు కట్ట అవతల కాలువలో నీటి చప్పుడు చెప్పేది. కాకతీయుల నాటి చెరువుల దగ్గర ఇలాంటి జంట స్తంభాలు మీకు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ పలక రంధ్రం అంచులు కర్ర రాపిడికి నున్నగా అరిగి ఉంటాయి. అక్కడ చెయ్యి పెట్టి చూడండి, ఎన్ని తరాల మనుషులు ఆ పని చేశారో తెలుస్తుంది.

చెరువు సగమే నిండిన ఏడాది పెద్దమనుషులు కట్ట మీద కూర్చుని ఎవరెంత నాటాలో తేల్చేవాళ్లు. మొదటి మడివాడైనా చివరి మడివాడైనా తన భూమిలో కొంతే నాటాలి. ఆ మాట దాటితే ఊరంతా ఎదురు తిరిగేది.

తర్వాతి కాలానిదే అయినా, వీటన్నిటికీ శాస్త్రం చెప్పిన రాయి ఒకటుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు అందులో ఉన్నాయి. నీటిశాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, తియ్యని నీటి ఏరు, రెండు గుట్టల నడుమ మరీ పొడవు లేని దిట్టమైన కట్ట, దగ్గర్లో పొడవాటి రాళ్లు దొరికే గని, పని తెలిసిన కూలీలు, ఇవీ అంగాల్లో కొన్ని. దోషాల్లో కట్ట ఊట కారడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీళ్లు తక్కువై పారే భూమి ఎక్కువ కావడం, దానికి తలకిందులుగా నీళ్లు ఎక్కువై భూమి తక్కువ కావడం ఉన్నాయి. ఆరో దోషం రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. ఇంజనీరింగు చెప్పే రాయి మీద నీళ్ల తగాదాలకు కూడా చోటిచ్చారంటే వాళ్లు ఎంత అనుభవించి రాశారో చూడండి.

అదే శాసనం రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే చెరువు పూర్తయిందని చెబుతుంది. ఆ వెయ్యి మందిలో ఒక్క కూలీ పేరూ రాతికెక్కలేదు. నాకు ఇది చదివిన ప్రతిసారీ బాధేస్తుంది. మన్ను తవ్వి, మోసి, కట్ట పోసినవాళ్ల గురించి రాయి చెప్పదు, కథలు చెబుతాయి. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం కట్ట తెగకుండా ముసలమ్మ అనే కోడలు ప్రాణమిచ్చిందని అక్కడివాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు. మా వైపు ప్రతి కట్ట మీదా కట్టమైసమ్మ ఉంటుంది. చెరువు నిండి మత్తడి దుంకితే (నీళ్లు అలుగు మీంచి పొర్లితే) కోడిని కోస్తారు. కట్ట తెగితే ఊరే పోతుందన్న భయం ఎంత ఉండేదో వీటిలోనే పట్టుకోవాలి.

పట్నపు బతుకు వేరు. ఓరుగల్లు వీధుల్ని వర్ణించిన క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు (అప్పటి నాణెం) సన్నబియ్యం అన్నం, గోధుమ పిండివంట, పెసరపప్పు, నెయ్యి, కూరలు, పెరుగు పెట్టినట్టు ఉంది. పల్లెలో ఇల్లరి (ఇంటి పన్ను), పుల్లరి (పశువుల మేత పన్ను) కట్టుకునే రైతుకు అలాంటి భోజనం పండగనాడు కూడా దొరికేదని నేను అనుకోను. సముద్రం మీద పోయేవాళ్ల కష్టం తెలియాలంటే చినగంజాం దగ్గరి మోటుపల్లిలో గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం చూడాలి. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు లాక్కునేవారని, ఇక నుంచి న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని అందులో మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్పై పాళ్లలో ఒక పాలు.

ఇక 1261 నాటి మల్కాపురం శాసనం. మందడం ఊరిని శైవ మఠం గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి దానమిచ్చిన సందర్భం అది. ఆ దానం మీద నడిచినవాటిలో పాఠశాల, ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఉన్నాయి. అన్నసత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని రాశారు. ఇది ఒక మఠం సంగతి, ఊరూరా ఇలాగే ఉండేదని చెప్పడానికి లేదు. అయినా కాన్పుకొచ్చిన ఆడవాళ్ల కోసం ఊరి రాబడిలో భాగం తీసి పెట్టారంటే, ఆ ఇబ్బంది ఎంత పెద్దదిగా వాళ్ల కళ్ల ముందు ఉండేదో అర్థమవుతుంది.

మీరే వెళ్లి చూడాలనుకుంటే ఎండ ఏటవాలుగా పడే పొద్దున గానీ సాయంత్రం గానీ వెళ్లండి. మిట్టమధ్యాహ్నం రాయి బోసిగా కనిపిస్తుంది, అదే రాయి మీద పక్క వెలుతురులో అక్షరాలు లేస్తాయి. సుద్ద రుద్దకండి, రంగు పూయకండి, అక్షరాల అంచులు పాడవుతాయి. చివరి వరుసలు వదలొద్దు. దానమిచ్చిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని శాపం అక్కడే ఉంటుంది. అప్పుడు కూడా మాన్యాలు మింగేవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ శాపం అన్ని రాళ్ల మీదికీ ఎక్కింది.

మీ ఊరి కట్ట మీద అలాంటి రాయి ఉంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చదవగలిగినంత చదివి చెబుతాను.