ఆ రాత్రి 3306 ఎవరు తెరిచారు?

తమ్ముడూ,

నిర్మొహమాటంగా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను, తర్వాత అలగకు. సర్వర్ భద్రత మీద నీ వ్యాసం చదివాక నేను చేసిన మొదటి పని, అందులో ఇచ్చిన స్క్రిప్టుని ఇంట్లో టెస్టింగ్‌కి పెట్టుకున్న సర్వర్ మీద ఎక్కించడం. ఐదు నిమిషాలకోసారి ఫైర్‌వాల్ రూల్స్‌ని (సర్వర్‌లోకి దేన్ని రానివ్వాలో, దేన్ని ఆపాలో చెప్పేవి) చూపించే ఐపీటేబుల్స్-సేవ్ కమాండ్ అవుట్‌పుట్‌కి ఎండీ5, అంటే వేలిముద్ర లాంటి కోడ్, తీయాలి, పాతదానితో పోల్చాలి, తేడా వస్తే మెయిల్ కొట్టాలి. బాగానే ఉంది కదా అని రాత్రి పదిన్నరకి క్రాన్‌లో, అంటే టైము ప్రకారం పనులు నడిపేదాంట్లో, పెట్టి పడుకున్నాను. పొద్దున ఆరున్నరకి లేచి చూస్తే 96 మెయిళ్లు. అన్నింట్లో ఒకటే మాట, 'హెచ్చరిక! ఫైర్‌వాల్ నియమాలు మారాయి!' రాత్రంతా ఆ సర్వర్‌ని ముట్టుకున్న మనిషి లేడు.

నువ్వు దీన్ని ఒక్కసారి కూడా నడపలేదు. నడిపి ఉంటే పది నిమిషాల్లో తెలిసిపోయేది. ఐపీటేబుల్స్-సేవ్ మొదటి లైన్లోనే ఆ అవుట్‌పుట్ ఏ తేదీన, ఎన్ని గంటలకు తీసిందో రాసుకుంటుంది. దాని కింద చైన్ల (రూల్స్ వరసల) పేర్ల పక్కన, చదరపు బ్రాకెట్లలో, ఎన్ని ప్యాకెట్లు ఎన్ని బైట్లు వచ్చాయో లెక్క ఉంటుంది, [1523:98211] ఇలా. ఒక్క రూల్ మారకపోయినా ఈ రెండూ మారుతూనే ఉంటాయి. # తో మొదలయ్యే లైన్లు తీసేసి, బ్రాకెట్లలోది తుడిచేసి అప్పుడు పోల్చాలి. ఐపీటేబుల్స్ తర్వాత వచ్చిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ఉన్న మెషీన్ అయితే ఇంకా సులువు, లిస్ట్ రూల్‌సెట్‌కి -ఎస్ తగిలిస్తే ఆ లెక్కలు రావు, ఐపీవీ4, ఐపీవీ6 (పాత, కొత్త నెట్ అడ్రసుల) రూల్స్ రెండూ ఒకేచోట కనిపిస్తాయి. నీ స్క్రిప్టు ఐపీవీ6 వైపు చూడనే లేదు. వీధి తలుపు దగ్గర కాపలా పెట్టి పెరటి తలుపు గాలికి వదిలేశావు.

రోజుకి 288 దొంగ హెచ్చరికలు వస్తే ఏమవుతుందో నాన్నా పులి కథ చదివిన ఎవరికైనా తెలుసు. రెండో రోజుకే ఆ మెయిళ్లన్నీ ఏదో ఫోల్డర్లోకి పోయేలా ఫిల్టర్ పెట్టేస్తారు. తర్వాత నిజంగా రూల్ మారినా చూసేవాడు ఉండడు. నడపని కమాండ్ రాయకు. ఇది నా పిచ్చి అనుకో, చాదస్తం అనుకో, మన భాషలో కంప్యూటర్ వ్యాసాలు చదివేవాళ్లే కొద్దిమంది, వాళ్లు నమ్మి కాపీ చేసుకుంటారు, ఒకసారి దెబ్బ తింటే మళ్లీ తెలుగు వ్యాసం తెరవరు.

తప్పంతా నీదే అనను. 'ఈ 5 చిట్కాలతో మీ సర్వర్ సురక్షితం' అన్న హెడ్డింగ్ నువ్వు పెట్టావో ఎవరైనా పెట్టించారో నాకు తెలియదు గానీ, ఆ వాసన నాకు బాగా అలవాటు. ఐదో చిట్కా దొరక్క నువ్వు 'పాస్‌వర్డ్ బలంగా ఉండాలి' అని అతికించావు చూడు, అక్కడ నవ్వొచ్చింది, పాపం అనిపించింది. మొదటి పేరాలో 'నేటి డిజిటల్ యుగంలో' ఉంది, కొట్టేయ్. 'అగ్నికుడ్యం' కూడా కొట్టేయ్, ఫైర్‌వాల్‌ని మన ఆఫీసుల్లో ఫైర్‌వాల్ అనే అంటారు. చాలా ఏళ్ల క్రితం ఒక పత్రికకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) మీద రాస్తే, అక్కడి ఎడిటర్ భాషాభిమానంతో పోర్టు (సర్వర్‌కి ఉండే నంబరు తలుపు) అన్న చోటల్లా ఓడరేవు చేసేశాడు. '22వ ఓడరేవుని మూసివేయండి' అని నా పేరుతో అచ్చయింది. విశాఖ నుంచి ఒక పాఠకుడు, మా ఊరిది ఎన్నో నంబరండీ అని కార్డు రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ ఎడిటర్‌కి మాత్రం మళ్లీ ఏమీ పంపలేదు.

సరే, అసలు సంగతి. ఏడో పేరాలో, మూడో చిట్కా చివర, నువ్వు ఒక మాట జారవిడిచావు. రాత్రి పదకొండింటికి బయట నుంచి ఎన్‌మ్యాప్ (తెరిచి ఉన్న పోర్టుల్ని వెతికే టూల్) కొడితే మీ సర్వర్‌లో 3306 పోర్టు తెరిచి ఉందని, పొద్దున చూస్తే మూసి ఉందని, కాన్ఫిగ్ ఫైల్లో ఏ మార్పూ లేదని, టీమ్‌లో ఎవర్ని అడిగినా 'నేను కాదు' అన్నారని. మూడే మూడు లైన్లు. డేటాబేస్ పోర్టు రాత్రంతా లోకానికి తెరిచి ఉంటే, తెల్లారేసరికి అది మాయమైతే, దాన్ని వదిలేసి పాస్‌వర్డ్‌ల గురించి రాస్తావా! నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. మీ ఆఫీసు పరువు పోతుందని భయపడి దాచావని అర్థమైంది.

పరువు సంగతి నన్ను అడుగు. 2009లో, ఇన్‌పుట్ పాలసీ డ్రాప్‌లో ఉన్న, అంటే ఏ రూలూ రానివ్వని ట్రాఫిక్‌నంతా పారేసే సర్వర్ మీద, పాత రూల్స్ చెత్తగా ఉన్నాయని ఐపీటేబుల్స్ -ఎఫ్ కొట్టాను. -ఎఫ్ రూల్స్‌ని ఊడ్చేస్తుంది, పాలసీ జోలికి పోదు. అంటే ఎస్‌ఎస్‌హెచ్‌ని రానిచ్చే రూల్ పోయింది, డ్రాప్ మిగిలింది. కర్సర్ అలాగే ఆగిపోయింది. ఒంటిగంటకి, వానలో, బండి మీద డేటాసెంటర్‌కి వెళ్తే, లెటర్ లేనిదే లోపలికి పంపనని సెక్యూరిటీ అతను అన్నాడు. ఆరింటిదాకా గేటు ఎదురుగా టీ బడ్డీ చూరు కింద కూర్చున్నాను. ఐపీటేబుల్స్-అప్లై అనేది ఒకటుందని, కొత్త రూల్స్ వేశాక మనం 'సరే' అని టైప్ చేయకపోతే పాతవాటిని అదే తిరిగి పెట్టేస్తుందని, నాకు ఆ తర్వాతే తెలిసింది. ఇదంతా రాసి ఒక పత్రికకి పంపితే, తప్పు చేసినవాడి మాట ఎవరు వింటారండీ అని తిప్పి పంపారు. నేను రాసినవాటిలో జనం ఇప్పటికీ అడిగి చదివేది అదొక్కటే.

ఇక నీ 3306. ఫైల్ మారకపోవడంలో వింతేమీ లేదు. కమాండ్‌తో వేసిన రూల్ కర్నెల్‌లో (సిస్టం గుండెకాయలో) ఉంటుంది, ఫైల్‌ని తాకదు. ఫైల్ మీద నిఘా పెడితే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. ఆడిట్‌డీ (సిస్టంలో ఏం జరిగిందో రాసిపెట్టే సర్వీస్) నడుస్తుంటే, రూల్ మారినప్పుడు కర్నెల్ నెట్‌ఫిల్టర్_సీఎఫ్‌జీ అనే రికార్డు రాస్తుంది. ఆ రికార్డుల్లో వెతికే ఏయూసెర్చ్‌లో -ఎం తర్వాత ఆ పేరు ఇచ్చి వెతుకు. దాని జతగా వచ్చే సిస్కాల్ రికార్డులో ఏయూఐడీ ఉంటుంది, లాగిన్ అయినప్పుడు పడిన ముద్ర అది, సుడో కొట్టి రూట్ (సర్వాధికారాలున్న యూజర్) అయినా చెరగదు. మీరంతా ఒకే లాగిన్ వాడుతున్నారని నా అనుమానం. అలాగైతే ఏయూఐడీ కూడా ఒకటే చూపిస్తుంది, అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ లాగ్‌లో ఎవరి కీ ఫింగర్‌ప్రింట్ ఉందో చూడాలి. లాగ్‌లు 'కొన్నాళ్లు' దాచాలని రాశావు. కొన్నాళ్లేంటి, 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో 180 రోజులని స్పష్టంగా ఉంది.

కానీ ఏయూఐడీ దగ్గర 4294967295 అన్న అంకె కనిపిస్తే, మనుషుల్ని అడగడం ఆపు. లాగిన్ లేకుండా నడిచే సర్వీస్ ఏదో చేసిందని దానర్థం. పదేపదే తప్పుడు లాగిన్‌లు కొట్టేవాళ్లని అడ్డుకునే ఫెయిల్‌టుబ్యాన్ రోజంతా ఇదే పని చేస్తుంది. ప్రోగ్రాముల్ని కంటెయినర్లనే విడివిడి డబ్బాల్లో నడిపే డాకర్ కూడా. ఎవరో రాత్రి టెస్టింగ్ కోసం మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కంటెయినర్ ఒకటి -పీ 3306:3306 అని లేపి, పొద్దున ఆపేసి ఉంటే? ఆ పోర్టుకి కావలసిన రూల్ డాకరే రాసుకుంటుంది, తనే తీసేసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ టూల్ స్టేటస్‌లో దాని జాడే ఉండదు. అతన్ని ఫైర్‌వాల్ ముట్టుకున్నావా అని అడిగితే నేను కాదనే అంటాడు, నిజమే చెప్తాడు.

పారితోషికం గురించి అడిగావు, అది ఇంకోసారి.

ముందు ఆ సర్వర్ మీద డాకర్ ఉందో లేదో చూడు. ఉంటే డాకర్ పీఎస్ -ఏ కొట్టి, ఆగిపోయిన కంటెయినర్లలో మైఎస్‌క్యూఎల్ ఏదైనా ఉందా, ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు ఆగింది అన్నది చూసి నాకు ఒక్క లైను మెయిల్ పెట్టు. వ్యాసం తర్వాత పంపొచ్చు.

మీ అన్న