ధృతరాష్ట్రుడు దుర్మార్గుడు కాడు కదా, కురుక్షేత్రానికి అతణ్ణి ఎందుకు తప్పుపడతారు?

ఆపగల అధికారం ఉండీ ఆపలేదు కాబట్టి. మా పర్లాకిమిడి వైపు మహేంద్రగిరి మీద భీముడు, కుంతి, యుధిష్ఠిరుల పేర్లతో గుళ్ళున్నాయి. శివరాత్రికి కొండెక్కే తెలుగువాళ్ళైనా, ఒడియావాళ్ళైనా భారతం మాటొస్తే ముందు శకునినే తిడతారు. అది సగం నిజమే.

సభాపర్వం చూడండి. ధర్మరాజు ద్రౌపదిని పణంగా ఒడ్డగానే పెద్దలు ఛీఛీ అంటారు, విదురుడు తల పట్టుకుని కూర్చుంటాడు. ధృతరాష్ట్రుడు మాత్రం సంతోషం దాచుకోలేక "గెలిచామా? గెలిచామా?" అని పదేపదే అడుగుతాడు. అతని మనసు పూర్తిగా బయటపడింది అక్కడే.

తర్వాత అపశకునాలకు జడిసి ద్రౌపదికి వరాలిచ్చి పాండవుల్ని విడిపించాడు. దుర్యోధనుడు పట్టుబట్టేసరికి, ఇంటిదారి పట్టినవాళ్ళను మళ్ళీ జూదానికి పిలిపించాడు. చూపు లేకపోవడం సాకు కాదు, విదురుడు మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు.

కథకు ఇలాంటి రాజే కావాలి. పచ్చి దుర్మార్గుడైతే భీష్మద్రోణులు ఎదురు తిరిగేవారేమో. మంచి మాటలాడే రాజు కాబట్టే వాళ్ళు ఆ సింహాసనానికి కట్టుబడిపోయారు. రెండో జూదం వద్దని గాంధారి బతిమాలితే అతనన్నది ఇదే: వంశం నాశనమైతే కానీ, నేను ఆపలేను.