రేకు చుట్టలో గాలి ఎటు పోవాలి?

ప్రశ్న: సర్, మాది కూకట్‌పల్లి. ఏసీ వేసి కిటికీలు మూసేస్తే గాలాడట్లేదు, తెరిస్తే ఎండంతా లోపలికే. బయటికి పోయే చల్లగాలితోనే లోపలికొచ్చే వేడిగాలిని చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ నేనే చేద్దామనుకుంటున్నా. 20 సెంటీమీటర్ల వెడల్పున్న రెండు రాగి రేకులు, మధ్యలో 2 మిల్లీమీటర్ల సందు ఉంచి చాపచుట్టలా చుట్టి, రెండు గాలుల్నీ చుట్ట వెంట ఎదురెదురుగా పంపాలని ప్లాన్. గంటకు 60 ఘనపు మీటర్ల గాలి చాలు. పనిచేస్తుందా?

జవాబు: చుట్ట మంచిదేనండి, గాలిని పంపే దారే మార్చాలి. లెక్క వేసి చూడండి, 80 శాతం వేడి మార్చాలంటే మొత్తం 3 చదరపు మీటర్ల రేకు కావాలి, అంటే రెండు రేకులు ఒక్కోటి ఏడున్నర మీటర్లు, చుడితే అడ్డకొలత 20 సెంటీమీటర్లు దాటిన చుట్ట అంతే. కానీ ఆ గాలంతా 2 మిల్లీమీటర్ల సందులో చుట్టూ తిరుగుతూ పోవాలంటే సెకనుకు 40 మీటర్ల స్పీడ్ కావాలి, ప్రెజర్ పదుల వేల పాస్కల్స్‌కి పోతుంది, ఏ చిన్న ఫ్యానూ తొయ్యలేదు. ఫ్యాక్టరీల్లో చుట్ట వెంట పంపేది ఎక్కువగా ద్రవాల్ని, అందులోనూ కాగితం గుజ్జులాంటి చిక్కటి వాటిని, అక్కడ పంపు ఉంటుంది కాబట్టి నడుస్తుంది.

మీరు ఒక గాలిని పైనుంచి కిందికి, రెండోదాన్ని కిందినుంచి పైకి, అంటే రేకు వెడల్పు వైపు పంపండి. స్పీడ్ సెకనుకు 1 మీటరే, ప్రెజర్ సందుల్లో దాదాపు 11 పాస్కల్స్, కాస్త బలమైన కంప్యూటర్ ఫ్యాన్ కూడా లాగుతుంది. కష్టమంతా మూతల దగ్గరే, ఎందుకంటే రెండు గాలుల సందులూ చుట్ట చివర ఒకే ముఖం మీద తెరుచుకుంటాయి. అందుకే ముఖాన్ని మధ్యలో అడ్డంగా రెండు భాగాలు చేసి, ఒక సగంలో ఒక గాలి సందులన్నీ, రెండో సగంలో రెండో గాలి సందులన్నీ సిలికాన్‌తో మూసి, మధ్యలో అడ్డు పలక పెట్టి రెండు డబ్బాలు బిగించండి, కింద కూడా అలాగే.

ఇంక రాగి వద్దు! వేడి బాగా పాకుతుందనే కదా తీసుకుంటారు, ఇక్కడ అదే నష్టం, ఎందుకంటే 20 సెంటీమీటర్ల పొడవులో రేకు వెంటే వేడి ఆ చివర నుంచి ఈ చివరకి పాకి 80 శాతం కాస్తా 73 దగ్గరకి పడిపోతుంది. 0.1 మిల్లీమీటర్ స్టెయిన్‌లెస్ షిమ్ (పల్చటి స్టీలు రేకు) తీసుకోండి, రెండున్నర కిలోల లోపే, రాణిగంజ్‌లో అడిగి చూడండి. అంత పల్చటి రేకుకి అడ్డంగా వేడి దాటడం సమస్యే కాదు, అడ్డు పడేది గాలి పొరలే. సందు మాత్రం జాగ్రత్త, ఒకచోట 2.5, ఇంకోచోట 1.5 మిల్లీమీటర్లు అయ్యిందంటే వెడల్పు సందులోంచి నాలుగున్నర రెట్లు ఎక్కువ గాలి పోతుంది, కాబట్టి 2 మిల్లీమీటర్ల తీగ ముక్కల్ని గాలి పోయే వైపుకే నిలువుగా అంటించి చుట్టండి. చేతులకి గ్లౌజులు తప్పనిసరి, ఆ అంచులు కోస్తాయి.

బయట 42, లోపల 26 డిగ్రీలుంటే గాలి 29 దగ్గర లోపలికొస్తుంది, అంటే ఏసీ మీద 250 వాట్ల వేడి తగ్గినట్టే.

ప్రశ్న: వానాకాలంలో తేమ కూడా ఆపుతుందా? (అదే పాఠకుడు)

జవాబు: ఆపదు. రేకు వేడినే మారుస్తుంది, తేమ పని ఏసీదే. కింది డబ్బాకి నీళ్లు కారే చిన్న గొట్టం పెట్టండి, బయటి గాలి వచ్చే చోట మార్చగలిగే ఫిల్టర్ పెట్టండి, మన దుమ్ముకి 2 మిల్లీమీటర్ల సందు పూడిందంటే విప్పి కడగడం చాలా కష్టం.